తెగిన బంధం... తేలని పంపకం

విడాకుల తర్వాత ఆస్తి ఎవరికి? మనోవర్తి ఎంత?
* తెల్లకాగితం ఒప్పందాలతో నష్టపోతున్న మహిళలు
* 'సగం ఆస్తి' అపోహే... భరణం హక్కు మాత్రం వాస్తవం

గ్రామాల్లో భార్యాభర్తల తగవు ముదిరితే ముందుగా మెట్లెక్కేది కోర్టువి కావు, పెద్దమనుషుల అరుగువి. రెండు వైపుల పెద్దలు కూర్చుంటారు. పెట్టిన కట్నమెంత, తిరిగి ఇచ్చేదెంత, బంగారం ఎవరి దగ్గరుంది, పిల్లలు ఎవరి వెంట వెళతారు అనే లెక్కలు ఒక పూటలో ముగుస్తాయి. వంద రూపాయల స్టాంపు కాగితం మీద 'నేటినుండి మా ఇరువురికీ ఎట్టి సంబంధమూ లేదు, భవిష్యత్తులో ఎట్టి మనోవర్తీ కోరను' అని రాయించి వేలిముద్రలు వేయిస్తారు. దానితో విడాకులు పూర్తయ్యాయని ఇరువర్గాలూ భావిస్తాయి. చట్టం దృష్టిలో మాత్రం అనేక సందర్భాల్లో ఆ వివాహం రద్దు కాలేదు, ఆ హక్కూ పోలేదు. ఈ సంగతి తెలియక పోగొట్టుకుంటున్నది ఎక్కువగా మహిళలే.

కాగితం విలువ ఎంత?

హిందూ వివాహ చట్టం 1955లో అమల్లోకి వచ్చింది. ఆ చట్టం పరిధిలోని దంపతులకు విడాకులు ఇచ్చే అధికారం న్యాయస్థానానిదే. దీనికి ఒక మినహాయింపు ఉంది. కులాచారం ప్రకారం విడాకులు తీసుకునే హక్కును 29వ సెక్షన్‌లోని రెండో ఉపనిబంధన కాపాడింది. మారుమనువు ఆచారం అనాదిగా ఉన్న కులాలకు ఇది వర్తిస్తుంది. అయితే అటువంటి ఆచారం తమ కులంలో చిరకాలంగా, నిరాటంకంగా నడుస్తోందని దాన్ని ఆశ్రయించినవారే సాక్ష్యాలతో రుజువు చేయాలి. పెద్దమనుషులు సంతకం చేసినంత మాత్రాన, నోటరీ ముద్ర పడినంత మాత్రాన ఆచారం రుజువైనట్లు కాదు. రిజిస్ట్రేషన్ చేయించినా కోర్టు డిక్రీకి అది సాటి రాదు.

దీని పర్యవసానాలు తేలికైనవి కావు. కాగితం రాసుకున్న తర్వాత భర్త మళ్లీ పెళ్లి చేసుకుంటే, ఆచారం రుజువు కాని పక్షంలో, ఆ రెండో వివాహం చెల్లదు. అతడు మరణిస్తే చట్టప్రకారం మొదటి వారసురాళ్లలో ఒకరుగా నిలిచేది మొదటి భార్యే. నమ్మి వచ్చిన రెండో స్త్రీ పరిస్థితి దయనీయంగా మారుతుంది. ఒక్క కాగితం ఇద్దరు ఆడవాళ్ల బతుకులను చిక్కులో పడేస్తోందన్నమాట.

'మనోవర్తి కోరను' అన్న షరతు సంగతీ అంతే. పోషించుకోలేని భార్యను భర్త పోషించాలన్నది సామాజిక న్యాయానికి సంబంధించిన బాధ్యత అని, ప్రైవేటు ఒప్పందంతో దాన్ని వదిలించుకోవడం ప్రజావిధానానికి విరుద్ధమని న్యాయస్థానాలు చెబుతూ వచ్చాయి. ఒక కేసులో భార్య 8,000 రూపాయలు ఏకమొత్తంగా తీసుకుని, కోర్టు సమక్షంలోనే రాజీపడింది. ఆ తర్వాత ఆమె 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం కింద మళ్లీ దావా వేయగా, పాత రాజీ దానికి అడ్డు కాదని సుప్రీంకోర్టు 2013లో తేల్చింది. కోర్టులో కుదిరిన రాజీకే ఆ పరిమితి ఉంటే అరుగు మీద రాసిన కాగితం గురించి వేరే చెప్పనక్కరలేదు.

సగం ఆస్తి వస్తుందా?

విడాకులు తీసుకుంటే భర్త ఆస్తిలో సగం వస్తుందని కొందరు నమ్ముతారు. సినిమాలు, విదేశీ వార్తలు ఈ నమ్మకానికి కారణం కావచ్చు. అమెరికాలోని కాలిఫోర్నియా వంటి రాష్ట్రాల్లో వివాహకాలంలో సంపాదించిన ఆస్తిని ఉమ్మడిగా పరిగణించి సమంగా పంచుతారు. మన దేశంలో గోవాను మినహాయిస్తే అటువంటి ఉమ్మడి ఆస్తి విధానం లేదు. ఎవరి పేరిట ఉన్న ఆస్తి వారిదే.

వివాహ చట్టాల సవరణ బిల్లులో భర్త ఆస్తిలో భార్యకు వాటా కల్పించే ప్రతిపాదన వచ్చింది. 2013 ఆగస్టులో రాజ్యసభ దాన్ని ఆమోదించింది. లోక్‌సభ ఆమోదం పొందకుండానే 2014లో సభ రద్దు కావడంతో బిల్లు మురిగిపోయింది. ఇరవై ఏళ్లు భర్తతో పాటు నాట్లు వేసి, కలుపు తీసి, పాలు పితికి కూడబెట్టిన సొమ్ముతో కొన్న రెండెకరాలైనా, పాసుపుస్తకం భర్త పేరిట ఉంటే ఆ పొలంలో విడాకులు పొందిన భార్యకు నేరుగా వాటా రాదు. ఆమె శ్రమకు దస్తావేజుల్లో చోటు లేదు. ఆ లోటు ఎంతోకొంత పూడేది భరణం రూపంలోనే.

భార్యాభర్తలిద్దరి పేర్లతో రిజిస్టరైన స్థలం గానీ ఇల్లు గానీ ఉంటే అందులో ఆమె వాటా ఆమెకు ఉంటుంది. విడాకులతో అది పోదు. పెళ్లి సమయంలో ఇద్దరికీ కలిపి బహూకరించిన ఉమ్మడి ఆస్తి విషయంలో విడాకుల డిక్రీలోనే తగిన ఉత్తర్వు ఇచ్చే అధికారం హిందూ వివాహ చట్టంలోని 27వ సెక్షన్ ద్వారా కోర్టుకు సంక్రమించింది. ఇక పుట్టింటి ఆస్తికీ విడాకులకూ సంబంధం లేదు. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో ఆడపిల్లలకు సమాన హక్కు కల్పిస్తూ ఆంధ్రప్రదేశ్ 1986లో చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైంది. దేశమంతటికీ ఆ హక్కు వచ్చింది 2005లో. ఆ వాటాపై విడిపోయిన భర్తకు ఏ అధికారమూ ఉండదు.

పసుపు కుంకుమ కింద ఇచ్చిన పొలం

పెళ్లిలో ఆడపిల్లకు పుట్టింటివారు, అత్తింటివారు, బంధుమిత్రులు ఇచ్చిన నగలు, నగదు, వెండి సామాను, బీరువా, మంచం మొదలు గిన్నెల వరకు స్త్రీధనమే. అవి అత్తింట్లో ఉన్నా, అత్తగారి బీరువాలో తాళం వేసి ఉన్నా యాజమాన్యం కోడలిదే. భర్త, అత్తమామలు వాటిని అప్పగింతగా ఉంచుకున్నవారే తప్ప యజమానులు కారని, తిరిగి ఇవ్వకపోతే నమ్మకద్రోహ నేరం అవుతుందని సుప్రీంకోర్టు 1985లోనే విస్పష్టంగా చెప్పింది. కట్నం ఇవ్వడం, పుచ్చుకోవడం రెండూ నేరాలే. అయినప్పటికీ వధువు కాక వేరొకరు తీసుకున్న కట్నం సొమ్మును మూడు నెలల్లోగా ఆమెకు బదిలీ చేయాలని వరకట్న నిషేధ చట్టంలోని 6వ సెక్షన్ నిర్దేశిస్తోంది.

చిక్కంతా రుజువులో ఉంది. నగల దుకాణం రసీదులు, పెళ్లి ఫొటోలు, వీడియోలు, బ్యాంకు నుంచి డబ్బు తీసిన వివరాలు, లాంఛనాల జాబితా వంటివి ఆమెకు ఆధారాలు. పెళ్లి హడావుడిలో వీటిని భద్రపరచాలన్న ఆలోచన ఎవరికీ ఉండదు. రసీదు అడిగితే వియ్యంకులకు కోపం వస్తుందన్న మొగమాటం కూడా తోడవుతుంది.

పసుపు కుంకుమ కింద ఇచ్చే పొలం మరింత జటిలం. కూతురికి అరెకరమో, ఎకరమో నోటిమాటగా ఇచ్చి, ఫలసాయం ఆమెకే పంపే ఆనవాయితీ తెలుగునాట చిరకాలంగా ఉంది. కానీ స్థిరాస్తిని దానంగా ఇవ్వాలంటే ఇద్దరు సాక్షుల సంతకాలతో రిజిస్టరైన దస్తావేజు ఉండాలని ఆస్తి బదలాయింపు చట్టంలోని 123వ సెక్షన్ చెబుతోంది. తండ్రి జీవించినంత కాలం మాట నిలుస్తుంది. ఆయన తర్వాత అన్నదమ్ములు కాదంటే, విడాకులై పుట్టింటికి చేరిన స్త్రీ ఆ పొలం తనదని నిరూపించడానికి అవస్థ పడవలసి వస్తుంది. మరికొన్ని ఇళ్లలో ఆ పొలాన్ని అల్లుడి పేరిట రాస్తారు. అప్పుడు దస్తావేజు ప్రకారం యజమాని అల్లుడే అవుతాడు. కూతురి కోసమని ఇచ్చిన భూమిని ఆమె పేరిటే రాయించడం ఇందుకు సులువైన విరుగుడు. రిజిస్ట్రేషన్ ఖర్చు చూసి వెనుకాడేవారు తర్వాతి కోర్టు ఖర్చుతో పోల్చి చూసుకోవాలి.

మనోవర్తికి దారులు

భరణం కోరడానికి చట్టం ఒకటి కాదు, నాలుగైదు దారులు చూపింది. అన్నింటిలో సులభమైనది నేర ప్రక్రియా స్మృతిలోని 125వ సెక్షన్. 2024 జులై 1 నుంచి ఆ స్మృతి స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అమల్లోకి వచ్చింది. పాత 125వ సెక్షన్ అందులో 144గా మారింది. మతంతో నిమిత్తం లేకుండా, తనను తాను పోషించుకోలేని భార్య దీని కింద దరఖాస్తు చేయవచ్చు. విడాకులు పొంది మళ్లీ పెళ్లి చేసుకోని స్త్రీ కూడా ఈ సెక్షన్ దృష్టిలో భార్యే. భర్త ఊరికి వెళ్లనక్కరలేదు, తాను ప్రస్తుతం నివసిస్తున్న పుట్టింటి ప్రాంతంలోని కోర్టులోనే వేయవచ్చు. ఒకప్పుడు ఈ సెక్షన్ కింద నెలకు 500 రూపాయలకు మించి ఇచ్చే వీలుండేది కాదు. 2001లో ఆ పరిమితిని తొలగించారు. మధ్యంతర భరణం దరఖాస్తును నోటీసు అందిన 60 రోజుల్లోగా సాధ్యమైనంత వరకు పరిష్కరించాలన్న నిబంధన కూడా అప్పుడే చేర్చారు. ఆచరణలో ఆ గడువు తరచూ దాటుతుండటం కక్షిదారులకు కొత్త కాదు.

విడాకుల కేసు నడుస్తుండగా ఖర్చులకు, పోషణకు హిందూ వివాహ చట్టంలోని 24వ సెక్షన్, డిక్రీ సమయంలోగానీ ఆ తర్వాతగానీ శాశ్వత భరణానికి 25వ సెక్షన్ ఉన్నాయి. ఈ రెండింటినీ భార్యే కాదు, ఆదాయం లేని భర్త కూడా ఉపయోగించుకోవచ్చు. శాశ్వత భరణాన్ని నెలనెలా గానీ ఏకమొత్తంగా గానీ నిర్ణయిస్తారు. అవసరమైతే చెల్లించవలసినవారి స్థిరాస్తిపై దానికి చార్జి సృష్టించే అధికారమూ కోర్టుకు ఉంది. పరిస్థితులు మారితే మొత్తాన్ని పెంచమని గానీ తగ్గించమని గానీ ఇరుపక్షాలూ కోరవచ్చు. గృహహింస నిరోధక చట్టం 2006 అక్టోబరు నుంచి అమలవుతోంది. దీని కింద ఆర్థిక సాయంతో పాటు నివాస హక్కు కోరే అవకాశం ఉంది. ఇల్లు అత్తమామల పేరిట ఉన్నా, కాపురం చేసిన ఇల్లయితే కోడలు నివాస హక్కు కోరవచ్చని 2020లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

ఎంత ఇస్తారు?

దీనికి పట్టిక అంటూ ఏదీ లేదు. భర్త నికర జీతంలో 25 శాతం సముచితమని 2017లో ఒక కేసులో సుప్రీంకోర్టు అన్నమాట నిజమే. దాన్నే అందరికీ సూత్రమని చెప్పుకోవడం పొరపాటు. ఇద్దరి ఆదాయాలు, ఆస్తులు, కాపురంలో ఉండగా గడిపిన జీవన ప్రమాణం, వివాహం ఎన్నేళ్లు నిలిచింది, పిల్లలు ఎవరి దగ్గర ఉన్నారు, ఆమె వయసు, ఆరోగ్యం, కుటుంబం కోసం ఉద్యోగం మానుకుందా, అతనిపై ఆధారపడిన వృద్ధ తల్లిదండ్రులు ఉన్నారా అన్నవన్నీ తూకంలోకి వస్తాయి. ఆమెకు చదువు ఉన్నంత మాత్రాన భరణం నిరాకరించరు. సంపాదించగలగడం వేరు, సంపాదిస్తుండటం వేరు. కొద్దిపాటి సంపాదన ఉన్నా అది చాలదని తేలితే మిగతాది కోరవచ్చు. శరీర దారుఢ్యం ఉన్న భర్త కూలి చేసైనా పోషించాలని 2022లో సర్వోన్నత న్యాయస్థానం స్పష్టం చేసింది.

ఉద్యోగి అయితే జీతం చీటీ ఉంటుంది. రైతు, వ్యాపారి, కాంట్రాక్టరు విషయంలో ఆదాయం తేల్చడమే పెద్ద తంటా. 'వర్షాలు లేవు, అప్పులే మిగిలాయి' అని భర్త, 'మూడు కార్లు పంట పండుతోంది' అని భార్య చెప్పుకోవడం పరిపాటి. ఈ దాగుడుమూతలకు తెరదించే ప్రయత్నం రజనీష్-నేహ కేసులో జరిగింది. 2020 నవంబరు 4న జస్టిస్ ఇందూ మల్హోత్రా, జస్టిస్ ఆర్.సుభాష్‌రెడ్డి ధర్మాసనం ఇచ్చిన ఈ తీర్పు ప్రకారం ఇరుపక్షాలూ తమ ఆదాయం, ఖర్చులు, ఆస్తులు, అప్పులు వెల్లడిస్తూ ప్రమాణపత్రం దాఖలు చేయాలి. వ్యవసాయ కుటుంబాల కోసం వేరుగా ఒక నమూనా ఇచ్చారు. పొలం ఎంత, తరియా మెట్టా, ఏ పంట వేస్తారు, గత మూడేళ్లలో వచ్చిన రాబడి ఎంత, కౌలుకు తీసుకున్న భూమి ఉందా, గేదెలు, ఆవులు, మేకలు, కోళ్లు, చేపల చెరువు ఉన్నాయా, పంట రుణాలు ఎంత అన్నవి అందులో చెప్పాలి. అబద్ధం రాస్తే చర్యలు తప్పవు. భర్త దాచినా భార్య తన వంతుగా అడంగల్ లేదా పహాణీ, ఈసీ నకళ్లు తీసి కోర్టు ముందుంచవచ్చు.

అదే తీర్పులో మరో ముఖ్యాంశం ఉంది. భరణం ఉత్తర్వు వెలువడిన రోజు నుంచి కాక దరఖాస్తు చేసిన రోజు నుంచి లెక్కించాలి. కేసు మూడేళ్లు సాగితే ఆ మూడేళ్ల బకాయీ చెల్లించాల్సిందే. వాయిదాలు వేయించుకుంటూ కాలం గడిపితే లాభమన్న ఆలోచనకు ఇది అడ్డుకట్ట. అయితే రెండు మూడు చట్టాల కింద వేర్వేరుగా భరణం పొందుతున్నప్పుడు ఒక కేసులో వచ్చే మొత్తాన్ని మరో కేసులో తప్పక తెలియజేయాలి. ఒకదానితో మరొకటి సర్దుబాటు చేస్తారు.

ఎవరికి రాదు?

పరపురుషుడితో కాపురం చేస్తున్నా, తగిన కారణం లేకుండా భర్తతో ఉండటానికి నిరాకరిస్తున్నా, పరస్పర అంగీకారంతో విడిగా ఉంటున్నా 144వ సెక్షన్ కింద భార్యకు భరణం దక్కదు. ఈ 'తగిన కారణం' అన్నచోటే ఎక్కువ వాదన జరుగుతుంది. కాపురానికి రావాలని భర్త కోర్టు నుంచి డిక్రీ తెచ్చుకున్నంత మాత్రాన భార్య భరణం ఆగిపోదని, ఆమె రాకపోవడానికి కారణాలను వేరుగా పరిశీలించాలని 2025 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. మళ్లీ పెళ్లి చేసుకున్న స్త్రీకి మాజీ భర్త నుంచి భరణం ఆగుతుంది. ఆమె పిల్లల హక్కు మాత్రం ఆగదు. తల్లి తన భరణం వదులుకుంటూ సంతకం చేసినా పిల్లల హక్కును ఆ సంతకం తుడిచివేయలేదు.

ముస్లిం మహిళల విషయంలో కొంతకాలం సందిగ్ధత నెలకొంది. 1986లో వచ్చిన ప్రత్యేక చట్టం ఉన్నందున 125వ సెక్షన్ వర్తించదన్న వాదనకు తెలంగాణ నుంచి వెళ్లిన కేసే ముగింపు పలికింది. కుటుంబ న్యాయస్థానం నెలకు 20,000 రూపాయలు మధ్యంతర భరణం ఇవ్వగా, హైకోర్టు దాన్ని 10,000కు తగ్గించింది. భర్త సుప్రీంకోర్టుకు వెళ్లారు. విడాకులు పొందిన ముస్లిం మహిళ కూడా 125వ సెక్షన్‌ను ఆశ్రయించవచ్చని 2024 జులై 10న తీర్పు వెలువడింది. క్రైస్తవులకు 1869 నాటి విడాకుల చట్టంలో భరణం నిబంధనలు ఉన్నాయి. భర్త ఆదాయంలో ఐదో వంతు మించరాదన్న పాత కట్టడిని 2001లో తీసివేశారు.

విదేశీ సంబంధాల సంగతి వేరుగా చెప్పుకోవాలి. 1975లో తిరుపతిలో పెళ్లి చేసుకున్న ఒక భర్త అమెరికాలోని మిస్సోరీ కోర్టు నుంచి విడాకులు తెచ్చుకుని మరో వివాహం చేసుకున్నారు. ఇక్కడి చట్టంలో లేని కారణంతో, భార్య ఆ కోర్టు అధికారానికి లోబడకుండా ఉండగా ఇచ్చిన ఆ డిక్రీ మన దేశంలో చెల్లదని 1991లో సుప్రీంకోర్టు ప్రకటించింది. అమెరికా నుంచి కాగితాలు రాగానే అంతా అయిపోయిందని కుంగిపోనక్కరలేదని ఈ తీర్పు చెబుతోంది.

ఉత్తర్వు చేతికొచ్చాక...

కాగితం మీది భరణం చేతికి రావడం మరో ఘట్టం. భర్త చెల్లించకపోతే వసూలుకు దరఖాస్తు చేయాలి. బకాయి పడిన నాటినుంచి ఏడాదిలోగా ఈ పని చేయకపోతే 144వ సెక్షన్ కింద వారెంటు పొందే అవకాశం పోతుంది. అనేకమంది ఇక్కడే నష్టపోతున్నారు. కోర్టు జరిమానా వసూలు చేసినట్లు ఆస్తి జప్తు చేయవచ్చు, అప్పటికీ చెల్లించకపోతే ఒక్కో నెల బకాయికి నెల వరకు జైలుకు పంపవచ్చు. జైలుకు వెళ్లి వచ్చినంత మాత్రాన బాకీ తీరినట్లు కాదు. కేసు పడగానే పొలాన్ని తమ్ముడి పేరిట గిఫ్టుగా రాసేవారూ ఉన్నారు. ఆ భూమి రాబడి నుంచి మనోవర్తి పొందే హక్కు ఉన్నప్పుడు, ఉచితంగా పొందిన వ్యక్తి నుంచి, లేదా హక్కు సంగతి తెలిసి కొన్న వ్యక్తి నుంచి కూడా దాన్ని రాబట్టుకోవచ్చని ఆస్తి బదలాయింపు చట్టంలోని 39వ సెక్షన్ చెబుతోంది.

మనోవర్తికి బదులు భూమి ఇచ్చి 'జీవితకాలం అనుభవించుట మాత్రమే' అని రాయడం పాత అలవాటు. నెల్లూరు మున్సిఫు కోర్టులో 1944లో ఒక వితంతువు మనోవర్తి కోసం వేసిన వ్యాజ్యం ఇక్కడ ప్రస్తావనార్హం. రాజీలో ఆమెకు ఇచ్చిన ఆస్తిపై జీవితకాల హక్కు మాత్రమే రాశారు. హిందూ వారసత్వ చట్టంలోని 14వ సెక్షన్ ప్రకారం అది ఆమెకు సంపూర్ణ హక్కుగా మారిందని 1977లో సుప్రీంకోర్టు తేల్చింది. న్యాయవాదులు నేటికీ 'తులశమ్మ కేసు'గా ఉదహరించేది దీన్నే. ఈ సూత్రం పరిధిపై తర్వాతి తీర్పుల్లో భిన్నాభిప్రాయాలు రావడంతో 2024 డిసెంబరులో విషయాన్ని విస్తృత ధర్మాసనానికి నివేదించారు. కాబట్టి ఇప్పుడు రాసుకునే రాజీల్లో 'సర్వహక్కులతో' అన్నమాట స్పష్టంగా ఉండేలా చూసుకోవడం క్షేమం.

రాజీ తప్పు కాదు

పెద్దమనుషులు కూర్చోవడాన్ని ఎవరూ తప్పుపట్టరు. ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరగకుండా ఒప్పందానికి రావడం ఇరుపక్షాలకూ మేలే. ఆ ఒప్పందాన్ని కోర్టుకు చేర్చడమే మిగిలిన పని. ఏడాదిగా విడిగా ఉంటున్న దంపతులు పరస్పర అంగీకారంతో 13-బి సెక్షన్ కింద దరఖాస్తు చేయవచ్చు. ఆరు నెలల నిరీక్షణ గడువును తగిన సందర్భాల్లో సడలించే వీలును 2017 తీర్పు కల్పించింది. భరణం మొత్తం, అది అందే తేదీ, బంగారం తూకం, సామాను జాబితా, పిల్లల చదువు ఖర్చు అన్నీ ఆ పిటిషన్‌లోనే రాయించాలి. డబ్బు చేతిలో పడకముందే చివరి వాంగ్మూలం ఇవ్వడం తొందరపాటు అవుతుంది.

న్యాయవాదిని పెట్టుకునే స్తోమత లేదని ఆగిపోయేవారికి జిల్లా కోర్టు ప్రాంగణంలోనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. 1987 నాటి చట్టం ప్రకారం మహిళలకు ఆదాయ పరిమితి లేకుండా ఉచితంగా న్యాయవాదిని నియమిస్తారు. 15100 నంబరుకు ఫోను చేసి సలహా పొందవచ్చు. వెళ్లేటప్పుడు పెళ్లి శుభలేఖ, ఫొటోలు, ఆధార్, పిల్లల జనన ధ్రువపత్రాలు, భర్త భూముల సర్వే నంబర్లు, నగల రసీదులు ఏవి దొరికితే అవి వెంట తీసుకెళ్లాలి. పెద్దమనుషుల దగ్గర రాసుకున్న కాగితం ఉంటే దాన్ని కూడా దాచకుండా చూపించాలి.